జలవిహారం: లీల, వైషమ్యం

పని లేకుండా నీటి మీద తిరిగి, బయలుదేరిన రేవుకే మళ్లీ చేరుకొనే ప్రయాణానికి ధర్మంలో ఎటువంటి స్థానం ఉన్నదనే ప్రశ్నను మన శాస్త్రకారులు సూటిగా వేసుకున్నట్టు కనిపించదు. వలతో వెళ్లే జాలరికి జీవిక ఉంది, సరుకుతో వెళ్లే వర్తకునికి లాభం ఉంది, క్షేత్రానికి వెళ్లే యాత్రికునికి పుణ్యం ఉంది. ఈ మూడింటిలో ఏదీ ఆశించకుండా, గాలి అనుకూలించిన దిక్కుకు తెరచాప ఎత్తి, ఒక ద్వీపం చాటున రాత్రికి లంగరు వేసి, తెల్లవారాక మరో ద్వీపానికి సాగిపోయే విహారం మాత్రం ప్రయోజనమనే గీటురాయికి అందదు. మధ్యధరా సముద్రంలో ఏటా వేసవి నెలల్లో యాట్లు, అంటే సొంతవారి విహారానికే కట్టించుకున్న ఓడలు, గ్రీసు, ఇటలీ, స్పెయిన్ తీరాల వెంబడి చేసే సంచారం అచ్చంగా ఇటువంటిదే. తెలుగు దేశంలో దీనికి సాటి రాగల ఆచారాన్ని సంపన్నుల ఇళ్లలో వెదికితే దొరకదు గాని, తెలుగువారు తరతరాలుగా మొక్కులు తీర్చుకుంటున్న తిరువళ్లూరు, తిరుత్తణి కోనేళ్లలో దొరుకుతుంది. అక్కడ పని లేకుండా నీటి మీద విహరించే అధికారం ఉన్నది ఒక్క దేవునికే.

తిరువళ్లూరులోని వైద్య వీరరాఘవస్వామి ఆలయం 108 వైష్ణవ దివ్యదేశాలలో ఒకటి. దాని నిర్వహణ అహోబిల మఠానిది, అంటే నల్లమల నృసింహక్షేత్రం పేరు మోస్తున్న శ్రీవైష్ణవ పీఠానిది. గర్భాలయంలోని మూలమూర్తి ఆదిశేషునిపై పవళించి, కుడిచేతిని శాలిహోత్ర మహర్షి తల మీద ఉంచి ఉంటాడు. స్థలపురాణం ప్రకారం, తపస్సు ముగించి తన కోసం ఉంచుకొన్న పిండిని ఆ ముని ఒక ముసలి అతిథికి పెట్టగా, అతిథి తిని, అలసట తీరేందుకు ఎక్కడ పడుకోవాలని అడిగి, ముని చూపిన పర్ణశాలలోనే విష్ణువుగా శయనించాడు. ఆలయం పక్కనున్న కోనేటి పేరు హృత్తాపనాశిని, అంటే మనసులోని తాపాన్ని పోగొట్టేది. రోగాలు నయం కావాలని మొక్కుకున్నవారు అమావాస్య నాడు ఆ నీటిలో బెల్లం వేస్తారు, బెల్లం కరిగినట్టే రోగమూ కరగాలని వారి ప్రార్థన. తమిళుల తై అమావాస్యకు, అంటే మనకు పుష్య బహుళ అమావాస్య వచ్చే రోజుల్లో, ఇక్కడ తెప్పోత్సవం జరుగుతుంది. తెప్ప అంటే ఈ తీరాన జాలరులు దుంగలు కట్టి సముద్రంలోకి నెట్టేదే. కోనేటి మీదికి వచ్చేసరికి అది ఖాళీ పీపాలను వరసగా కట్టి, పైన పలకలు పరచి, మండపం నిలిపి, పూలతోనూ దీపాలతోనూ అలంకరించిన నీటి వాహనం అవుతుంది. పవళించిన మూలమూర్తి కదలడు. ఆయన ప్రతినిధిగా ఉత్సవమూర్తి దేవేరులతో తెప్ప ఎక్కి, కోనేటిని చుట్టి, ఎక్కిన మెట్ల దగ్గరే దిగుతాడు. నీరు లేని సంవత్సరాల్లో తమిళనాట కొన్ని ఊళ్లలో స్వామిని ఎండిన కోనేటిలో నిలిపిన తెప్ప మీదనే కూర్చోబెట్టి ఉత్సవం అయిందనిపిస్తారు. దానిని నిలకడ తెప్ప అంటారు. గమ్యం లేని ప్రయాణంలో చివరికి ప్రయాణం కూడా లేకపోయినా ఉత్సవం చెల్లుతుందన్న ఈ ఏర్పాటు తత్త్వవేత్తలు ఆలోచించదగినది.

తిరుత్తణిలో సంగతి మరో రకంగా ఉంటుంది. 365 మెట్ల కొండ మీద వెలసిన సుబ్రహ్మణ్యస్వామి శూరపద్ముడనే అసురునితో యుద్ధం ముగించాక కోపం చల్లార్చుకోవడానికి ఇక్కడికి వచ్చాడని ఐతిహ్యం. మురుగన్ ఆరుపడై వీడుల్లో, అంటే తమిళ సంప్రదాయం చెప్పే ఆయన ఆరు ప్రధాన నివాసాల్లో, తక్కిన చోట్ల శూరసంహారాన్ని ఆర్భాటంగా జరుపుతారు. తిరుత్తణిలో ఆ ఘట్టం లేదు, కోపం తీరిన చోట చంపడం ఆడకూడదన్న భావంతో ఆ రోజు పుష్పాంజలి మాత్రమే జరుపుతారు. ఆడికృత్తికకు, అంటే తమిళుల ఆడి నెలలోని కృత్తికా నక్షత్రపు రోజుకు, చిత్తూరు, తిరుపతి వైపు నుంచి పూల కావళ్లు మోసుకుని తెలుగు భక్తులు వేలాదిగా వస్తారు. ఆ రోజు మొదలు మూడు సాయంత్రాలు స్వామి కొండ దిగి, అడుగున ఉన్న శరవణ పొయ్‌గై అనే పుష్కరిణిలో తెప్ప మీద విహరిస్తాడు. కార్వేటినగరం సంస్థానానికి చెందిన ఈ ఊరు ఆ తరువాత చిత్తూరు జిల్లాలో ఉండి, సరిహద్దుల మార్పు చట్టం కింద 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. 1997లో తిరువళ్లూరు జిల్లా ఏర్పడినప్పుడు రెండు క్షేత్రాలూ ఆ జిల్లాలోకి వచ్చాయి. సరిహద్దు గీత మారినా కావళ్ల దారి మారలేదు.

ఈ రెండు చోట్లా గమనించదగిన విషయం ఒకటి ఉంది. ఒకరు అప్పటికే పవళించిన దేవుడు, మరొకరు అప్పటికే శాంతించిన దేవుడు. కాబట్టి తెప్ప ఎక్కడం వారికి విశ్రాంతి కోసం కాదు, విశ్రాంతి ముందే ఉంది. మనుషుల విహారం దీనికి తలకిందులుగా నడుస్తుంది. ఏడాది పొడుగునా పనిచేసి, ఆ అలసట తీర్చుకోవడానికి సముద్రం మీదికి వెళ్లేవాడు లోటు తీర్చుకోవడానికి వెళ్తున్నాడు; దేవుడు లోటు లేకపోవడం వల్లనే వెళ్తున్నాడు. వేదాంతులు ఈ రెండో దానికి పెట్టిన పేరు లీల. బాదరాయణుని బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయం మొదటి పాదంలో ఒక ఆక్షేపణ వస్తుంది: ఏ కోరికా లేని బ్రహ్మం జగత్తును ఎందుకు సృష్టించాలి, ప్రయోజనం లేనిదే తెలివిగలవాడెవడూ పనికి పూనుకోడు గదా అని. దానికి 33వ సూత్రం, లోకంలో చూస్తున్నట్టే ఇది కేవలం లీల అని సమాధానమిస్తుంది. శంకరులు దీన్ని వివరిస్తూ, కోరికలన్నీ తీరిన రాజు ఏ ప్రయోజనమూ ఆశించకుండా క్రీడాస్థలాల్లో ఆడుకోవడాన్నీ, ఉచ్ఛ్వాస నిశ్వాసలు తమంతట తాము జరిగిపోవడాన్నీ ఉదాహరిస్తారు. రామానుజులు శ్రీభాష్యంలో ఏడు ద్వీపాల భూమిని ఏలే మహారాజు బంతాట ఆడడాన్ని చూపుతారు. ఇద్దరి సిద్ధాంతాలు ఎంత వేరైనా, ఇద్దరూ లోకం నుంచి తీసుకున్న దృష్టాంతం మాత్రం సంపన్నుని వినోదమే కావడం విశేషం. ఏజియన్ ద్వీపాల మధ్య యాట్ మీద తిరిగే ధనికుడు ఆ భాష్యాలను చదివితే, తన గురించే రాశారని పొరబడే అవకాశం లేకపోలేదు.

అయితే సంపన్నునికైనా సముద్రం అంత సులువుగా అనుమతింపబడలేదు. బౌధాయన ధర్మసూత్రం ద్విజునికి పాతిత్యం తెచ్చే దోషాల పట్టికలో సముద్రయానాన్ని మొట్టమొదట చేర్చి, మూడేళ్ల ప్రాయశ్చిత్తం విధించింది. అదే గ్రంథం ఉత్తరదేశీయుల ప్రత్యేక ఆచారాల్లో సముద్రయానాన్ని పేర్కొని, ఇతర దేశాల్లో అది దోషమని చెప్పింది. మనుస్మృతి శ్రాద్ధానికి పిలవకూడనివారిలో సముద్రయాయిని, అంటే సముద్రం మీద వెళ్లినవాణ్ణి, ఇళ్లకు నిప్పుపెట్టేవాని సరసన నిలిపింది. మరో అధ్యాయంలో అదే స్మృతి సముద్రయానంలో ఆరితేరినవారు నిర్ణయించిన వడ్డీని ప్రమాణంగా తీసుకోమంది. నిషేధమూ వర్తకమూ ఒకే పుస్తకంలో ఇలా కాపురం చేయడం వల్ల, స్మృతికారులకు సముద్రం తెలియదన్న వాదం నిలవదు. తరువాతి కలివర్జ్యాలు, అంటే కలియుగంలో చేయకూడదని నిబంధనకారులు పక్కన పెట్టిన ఆచారాలు, ప్రాయశ్చిత్తం చేసుకున్నా సముద్రం దాటి వచ్చిన ద్విజునితో పంక్తి వద్దనే దాకా వెళ్లాయి.

ఈ నిషేధం తీరవాసులందరినీ కట్టి ఉంచిందనుకోవడం పొరపాటు. తూర్పు తీరంలో దొరికిన శాతవాహన నాణేల మీద రెండు తెరచాప కొయ్యలున్న ఓడ కనిపిస్తుంది; క్రీస్తుశకం మొదటి శతాబ్దపు గ్రీకు నావికుని కరదీపిక పెరిప్లస్ ఈ తీరపు రేవులనూ, పెద్ద దుంగలను జతచేసి కట్టిన సంగర అనే నావలనూ పేర్కొంది. తిరువళ్లూరు జిల్లాలోనే ఉన్న పులికాటులో డచ్చివారు 1613లో గెల్డ్రియా కోట కట్టి, బట్టలతో పాటు మనుషులను కూడా బానిసలుగా బటావియాకు ఎగుమతి చేశారు. పులికాటు సముద్రంలో నేటికీ కనిపించే కట్టుమరం ఐరోపా భాషల్లోకి పాకి, మధ్యధరాలో సెలవులకు అద్దెకిచ్చే జంట పొట్టల తెరచాప యాట్‌కు పేరైంది. ఆ కటమరాన్ల మీద తిరిగేవారిలో పులికాటు పేరు విన్నవారు అరుదు.

మధ్యధరా వాసులకు కూడా సముద్రం మొదట విహారస్థలం కాదు. క్రీస్తుశకం నాలుగో శతాబ్దం చివర రాసిన రోమను రచయిత వెజీషియస్ నవంబర్ 11 నుంచి మార్చి 10 దాకా సముద్రం మూసి ఉంటుందని, అంటే ఓడలు కదలవని చెప్పాడు. ఆ మూత తీసేది దేవత. మార్చి 5న ఐసిస్ అనే ఈజిప్టు దేవతకు కొత్త ఓడ ఒకటి కట్టి, సుగంధ ద్రవ్యాలతో నింపి, మనిషన్నవాడు లేకుండా సముద్రంలోకి వదిలేవారు. కొరింథు రేవు కెంక్రియాలో జరిగిన ఆ ఉత్సవాన్ని అపులేయస్ తన నవల పదకొండో భాగంలో వర్ణించాడు. తెప్పోత్సవంలో దేవుడు ఎక్కి తిరిగి వస్తాడు, ఐసిస్ ఓడ మాత్రం తిరిగి రాదు. అయినా ప్రయాణికుడు లేని ఓడను మొదట నీటికి అర్పించి, ఆ తరువాతే మనుషులు ఎక్కాలన్న ఆలోచన తిరువళ్లూరు భక్తునికి కొత్తగా తోచదు. ఇంకా దగ్గరి పోలిక రోముకు దక్షిణాన నేమీ సరస్సులో దొరుకుతుంది. సముద్రంతో సంబంధం లేని ఆ చిన్న సరస్సు ఒడ్డున డయానా దేవత ఆలయం ఉండేది. క్రీస్తుశకం 37 నుంచి 41 దాకా ఏలిన కలిగులా చక్రవర్తి అందులో సుమారు 70 మీటర్ల పొడవున్న రెండు ఓడలు కట్టించాడు, వాటిలో పాలరాతి పనితనం ఉంది, ఎక్కడికీ వెళ్లే దారి మాత్రం లేదు. ముస్సోలినీ ప్రభుత్వం 1928 నుంచి 1932 దాకా సరస్సు నీరు తోడించి వాటిని బయటికి తీసింది. 1944లో మ్యూజియంతో పాటు అవి కాలిపోయాయి. అవి దేవత కోసమో చక్రవర్తి విలాసం కోసమో పండితులు నేటికీ వాదించుకుంటున్నారు. ఒక్క సరస్సులో రెండూ కలిసిపోవడమే అసలు విషయం కావచ్చు.

విహారాన్ని ఘాటుగా ప్రశ్నించినవాడు కలిగులా కాలపు తత్త్వవేత్త సెనెకా. నేపుల్స్ అఖాతంలోని బయా ఆనాటి రోమను ధనికుల విహారపట్టణం. మిత్రుడు లూసిలియస్‌కు రాసిన 51వ లేఖలో సెనెకా, ఒడ్డు వెంబడి తాగి తూలేవారినీ, పడవల్లో విందులు చేస్తూ పాటలతో సరస్సును హోరెత్తించేవారినీ చూడవలసిన అగత్యమేమిటని విసుక్కున్నాడు. రెండు లేఖల తరువాత తన కథే రాశాడు: నేపుల్స్ నుంచి పుటియోలీకి, అంటే కూతవేటు దూరానికి, పడవ ఎక్కి, మధ్యలో అల రేగి, వాంతి రాని డోకుతో కడుపు తిప్పి, ఓర్చుకోలేక నావికుణ్ణి ఒడ్డు వైపు తిప్పమని బతిమాలి, అక్కడ రేవు లేదని తెలిసి, బట్టలతోనే చల్లని నీళ్లలోకి దూకాడు. శరీరానికి జబ్బు చేస్తే వెంటనే తెలుస్తుంది గాని మనసుకు జబ్బు చేస్తే ఎంత ముదిరితే అంత తెలియకుండా పోతుందని ఆయన అందులోంచి తీసిన పాఠం. ప్రదేశం మారినంత మాత్రాన మనసు మారదని, మనిషి తనను తాను వెంట మోసుకుపోతాడని సెనెకా వాదం. సెనెకా తానే రోములోని అపర కుబేరుల్లో ఒకడనీ, నీరోకు మంత్రి అనీ గుర్తుంచుకుంటే ఆ నిరసనలో కొంత ఉప్పు తగ్గుతుంది. కానీ తిరువళ్లూరు కోనేటికి మనస్తాపాన్ని పోగొట్టేదన్న పేరు పెట్టినవారు అదే రోగాన్ని ఎరిగినవారే, మందు మాత్రం వేరుగా చెప్పారు. సెనెకా మందు ప్రయాణం మానడం. కోనేటి మందు ప్రయాణాన్ని దేవునికి వదిలి, తాను మెట్ల మీద కూర్చుని చూడడం.

మధ్యధరాకూ ఈ ప్రాంతానికీ నడుమ తత్త్వశాస్త్రంలో వంతెన వేయబూనిన పండితుడు తిరుత్తణిలోనే పుట్టాడు. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888 సెప్టెంబర్ 5న అక్కడి తెలుగు కుటుంబంలో జన్మించి, తిరుత్తణి, తిరుపతి, వేలూరుల్లో చదివి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో తత్త్వశాస్త్రం అభ్యసించాడు. 1914లో శ్రీనివాస రామానుజన్ ఇంగ్లండుకు ఓడ ఎక్కడానికి నామక్కల్ నామగిరి అమ్మవారి అనుమతి తల్లి కలలో వచ్చిందని చెప్పుకోవలసి వచ్చింది; ఆ తరువాత పన్నెండేళ్లకే, అంటే 1926లో, రాధాకృష్ణన్ ఆక్స్‌ఫర్డ్‌లో హిందూ జీవన దృక్పథం మీద ఉపన్యసించి, హార్వర్డ్ తత్త్వశాస్త్ర మహాసభకు వెళ్లాడు. 1939 నాటి తన గ్రంథంలో ఆయన ఓర్ఫిక్ మతం, పైథాగరస్, ప్లేటోల ఆలోచనల్లో భారతీయ ధోరణులను చూపడమే గాక, భారతీయ చింతన లోకాన్నీ జీవితాన్నీ నిరాకరిస్తుందన్న ఆల్బర్ట్ ష్వైట్జర్ ఆరోపణకు దీర్ఘంగా బదులిచ్చాడు. గ్రీకుల మీద భారతీయ ప్రభావాన్ని ఆయన చెప్పినంత మేరకు నేటి చరిత్రకారులు ఒప్పుకోరు. ష్వైట్జర్‌కు ఇచ్చిన జవాబు మాత్రం ఇప్పటికీ బలమైనదే, ఎందుకంటే జగత్తు లీల అన్నవారు జగత్తులోని బాధను పట్టించుకోరన్న అనుమానం పాశ్చాత్యులకే కాదు, మన సూత్రకారునికీ వచ్చింది.

లీలాసూత్రం ముగిసిన వెంటనే, 34వ సూత్రంలో, బాదరాయణుడు రెండు దోషాలను ఎత్తుకుంటాడు. మొదటిది వైషమ్యం, అంటే ఒకరికి ఎక్కువా ఒకరికి తక్కువా పంచిన పక్షపాతం; రెండోది నైర్ఘృణ్యం, అంటే జాలి లేకపోవడం. ఆడుకుంటున్నవాడు కొందరిని సుఖాల్లోనూ కొందరిని నరకంలోనూ ఎలా పెట్టాడన్నది ప్రశ్న. సూత్రకారుని జవాబు సాపేక్షత: ఈశ్వరుడు జీవుల కర్మను అనుసరించి సృష్టిస్తాడు, వర్షం అన్ని గింజలకూ ఒకటే అయినా వరి వరిగానూ యవలు యవలుగానూ మొలుస్తాయని శంకరుల దృష్టాంతం. ఈ జవాబు సరిపోతుందా లేదా అన్నది వేరే చర్చ. ఇక్కడ ముఖ్యమైనది వరస: లీల అన్న మాట పలికాక, ఊపిరి తీసుకునే లోపే, అసమానతకూ కాఠిన్యానికీ జవాబు చెప్పవలసిందేనని సూత్రకారుడు భావించాడు. దేవుని ఆటకే ఆ నిబంధన ఉన్నప్పుడు మనుషుల ఆటకు లేకుండా పోదు.

తెప్పోత్సవానికి ఆ పరీక్షలో ఇబ్బంది తక్కువ. తెప్ప మీద స్థలం కొద్దిమందికే ఉన్నా, ఆ విహారం ఉన్నదే నాలుగు వైపుల మెట్ల మీద నిండిన జనం చూడడానికి. గర్భాలయంలోకి అందరినీ సమానంగా రానివ్వని కాలంలో కూడా ఉత్సవమూర్తి బయటికి వచ్చిన రోజు ఆ అంతరం కొంతైనా తగ్గేది. యాట్ విలువ ఇతరులు లేకపోవడంలో ఉంది. జూలై, ఆగస్టు నెలల్లో మెల్టెమి అనే పొడి ఉత్తరపు గాలి ఏజియన్ మీద వీచే వేళ, ఎవరూ చేరలేని ఒక చిన్న అఖాతంలో ఒంటరిగా లంగరు వేయడమే దానికి పరమార్థం. దీనిని పాపమనడానికి శాస్త్రంలో గట్టి ఆధారం లేదు. పురుషార్థాల్లో కామానికి చోటుంది, ధర్మాన్ని దాటని భోగాన్ని స్మృతులు తప్పు పట్టలేదు. కానీ అదే నీటి మీద, లిబియా, టునీషియాల నుంచి రబ్బరు పడవల్లోనూ పాత చేపల నావల్లోనూ ఐరోపాకు బయలుదేరి, 2014 తరువాత 25,000 మందికి పైగా మునిగిపోయారు. వారి కర్మ అలా ఉందని యాట్ మీద కూర్చున్నవాడు అంటే, ఈశ్వరుని పక్షాన చెప్పిన సాపేక్షతను తన సౌకర్యం కోసం దొంగిలించినట్టే.

ఈ విషయంలో తెలుగు దేశపు సాక్ష్యం ఒకటి స్మృతులకన్నా స్పష్టంగా ఉంది. కాకతీయ గణపతిదేవుడు శకవర్షం 1166లో, అంటే క్రీస్తుశకం 1244-45లో, మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం, తుపానుకు దారి తప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారనీ, తాను మాత్రం సముద్రం మీద ప్రాణాలకు తెగించి వచ్చేవారి పట్ల దయతో, నిర్ణీతమైన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోననీ ప్రకటిస్తుంది. సముద్రయానం దోషమా కాదా అన్న చర్చ జోలికి ఆ రాజు వెళ్లలేదు. ఓడ పగిలినవాని పట్ల ఒడ్డున ఉన్నవాడు ఎలా ప్రవర్తించాలన్నదే తేల్చాడు. నైర్ఘృణ్యానికి విరుగుడు వాదంలో లేదు, ప్రవర్తనలోనే ఉందని గుర్తించిన ధర్మనిర్ణయంగా దీనిని చదవవచ్చు. నేటి అంతర్జాతీయ సముద్ర న్యాయం కూడా ఆపదలో ఉన్నవారిని ఆదుకోవడాన్ని ప్రతి నౌకాధిపతికీ విధిగా నిర్దేశించింది. సరుకు ఓడకూ విహార నౌకకూ ఈ విధిలో తేడా లేదు.

2023 జూన్ 14 తెల్లవారుజామున గ్రీసులోని పైలోస్ ఎదుట నడిసముద్రంలో సుమారు 750 మంది వలసదారులతో ఆడ్రియానా అనే చేపల నావ మునిగిపోయింది. ప్రాణాలతో మిగిలింది 104 మంది. ఆ చుట్టుపక్కల ఉన్న మాయన్ క్వీన్ 4 అనే విలాస యాట్ కబురు అందుకొని దారి మళ్లి అక్కడికి వెళ్లి, దక్కినవారిలో సుమారు 100 మందిని ఎక్కించుకొని కలమాటా రేవులో దించింది.